బీటెక్‌ పరిశోధన.. ఏ సీటుకు ఎంత బలం?

గేట్‌ ఎంటెక్‌కు స్కోరే కీలకం.. పీహెచ్‌డీకి చేసిన పనే ఆధారం
కొనుగోలు ప్రాజెక్టులతో చేజారుతున్న అవకాశాలు

వరంగల్‌, విద్యా విభాగం: ఇంజినీరింగ్‌ చివరి సంవత్సరంలో అడుగిడిన విద్యార్థి ముందు ప్రధానంగా మూడు దారులుంటాయి. ప్రాంగణ నియామకాల్లో ఉద్యోగం సంపాదించడం మొదటిది. గేట్‌ రాసి ఎంటెక్‌లో చేరడం రెండోది. విదేశీ విశ్వవిద్యాలయంలో ఎంఎస్‌ లేదా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడం మూడోది. ఉన్నత విద్య వైపు మొగ్గు చూపేవారిని తొలుత వేధించే ప్రశ్న ఒకటే. బీటెక్‌లో పరిశోధన చేయకపోతే సీటు వస్తుందా, రాదా? దీనికి అందరికీ వర్తించే సమాధానం లేదు. చేరదలచిన కోర్సును బట్టి అది మారుతుంది. ఈ తేడా తెలియక కొందరు అక్కరలేని చోట డబ్బు వెచ్చించి పరిశోధన పత్రాలు ప్రచురించుకుంటున్నారు. నిజంగా అవసరమైనవారేమో చివరి సంవత్సరం ప్రాజెక్టును కొనుగోలు చేసి, చేతికందిన అవకాశాన్ని జారవిడుచుకుంటున్నారు.

ఎంటెక్‌కు గేట్‌ స్కోరే కొలమానం

దేశంలో ఎంటెక్‌ ప్రవేశాలకు ప్రధాన ద్వారం గేట్‌. బెంగళూరులోని ఐఐఎస్సీ, ఏడు పాత ఐఐటీలు వంతులవారీగా ఈ పరీక్షను నిర్వహిస్తాయి. మూడు గంటల వ్యవధిలో 100 మార్కులకు పరీక్ష ఉంటుంది. ఇందులో 15 మార్కులు సామాన్య సామర్థ్యానికి సంబంధించినవి. స్కోరును 1000కి లెక్కిస్తారు. అది మూడేళ్లపాటు చెల్లుతుంది. 2021 నుంచి బీటెక్‌ మూడో సంవత్సరం విద్యార్థులకు కూడా ఈ పరీక్ష రాసే వీలు కల్పించారు.

ఎన్‌ఐటీల్లో సీట్ల భర్తీకి సీసీఎంటీ పేరిట ఉమ్మడి కౌన్సెలింగ్‌ జరుగుతుంది. ఐఐటీలు ఇచ్చే సీట్లను అభ్యర్థులు కోప్‌ పోర్టల్‌ ద్వారా ఆమోదించవలసి ఉంటుంది. ఈ రెండు విధానాల్లోనూ సాధారణ ఎంటెక్‌ సీటును గేట్‌ స్కోరే నిర్ణయిస్తుంది. కొన్ని విభాగాలు ప్రత్యేకంగా రాత, మౌఖిక పరీక్షలు నిర్వహించినా, ప్రచురించిన పత్రాలకు అదనపు మార్కులు కలిపే పద్ధతి కౌన్సెలింగ్‌లో లేదు. గేట్‌తో చేరిన ఎంటెక్‌ విద్యార్థికి నెలకు రూ.12,400 ఉపకార వేతనం అందుతుంది. కావున ఎంటెక్‌ మాత్రమే లక్ష్యంగా గలవారు పాఠ్యాంశాలపై పట్టు సాధించడానికే అధిక సమయం కేటాయించడం మేలు. పరిశోధన అనుభవం లేనంత మాత్రాన వీరు దిగులు చెందవలసిన పని లేదు.

పరిశోధన డిగ్రీల తీరు వేరు

ఐఐటీ మద్రాసులో పరిశోధనతో కూడిన ఎంఎస్‌, ఐఐఎస్సీలో పరిశోధనాత్మక ఎంటెక్‌, హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీలో ఎంఎస్‌ వంటి కోర్సుల్లో పరిస్థితి భిన్నంగా ఉంటుంది. పీహెచ్‌డీ ప్రవేశాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. వీటిలో గేట్‌ స్కోరు లేదా ఆయా సంస్థల ప్రవేశ పరీక్ష గడప వరకే తీసుకువెళ్తుంది. లోనికి వెళ్లడానికి ఇంటర్వ్యూ దాటవలసిందే.

ఇంటర్వ్యూలో గణితం, ప్రధాన సబ్జెక్టుల పునాదులను పరీక్షించిన తరువాత చర్చ సహజంగానే ప్రాజెక్టు వైపు మళ్లుతుంది. ఈ అంశాన్నే ఎందుకు ఎంచుకున్నారు? అంతకు ముందు ఇతరులు ఏం చేశారు? కొలతల్లో దోషం ఎంత? ఫలితం అనుకున్నట్లు రాకపోతే ఏం చేశారు? ఇటువంటి ప్రశ్నలకు బట్టీ పట్టిన జవాబులు పనికిరావు. స్వయంగా పనిచేసినవారు తడుముకోకుండా చెప్పగలుగుతారు.

బీటెక్‌తోనే నేరుగా పీహెచ్‌డీలో చేరే వీలు కూడా ఉంది. యూజీసీ 2022లో జారీ చేసిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు సాధించినవారు పీహెచ్‌డీ ప్రవేశ ప్రక్రియకు అర్హులు. ఐఐటీలు తమ సొంత నిబంధనలను అనుసరిస్తాయి. పరిశోధకులకు కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్‌ 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, ఆ తరువాత రూ.42 వేలుగా పెరిగింది. దీనికి ఇంటి అద్దె భత్యం అదనం.

అమెరికా దరఖాస్తులో దేనికెంత విలువ?

అమెరికాలో 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉండగా, వారిలో 1,96,567 మంది పీజీ, పీహెచ్‌డీ స్థాయి వారే. వీరిలో తెలుగు రాష్ట్రాల వారి సంఖ్య గణనీయం. అయితే అక్కడి ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి ఉన్న తేడాను గుర్తించకుండానే ఎందరో దరఖాస్తు చేస్తున్నారు.

కోర్సులు పూర్తిచేస్తే పట్టా లభించే ఎంఎస్‌లో విద్యార్థి స్వయంగా రుసుము చెల్లిస్తాడు. ఇక్కడ మార్కులు, చదివిన కళాశాల, లక్ష్య ప్రకటన, సిఫారసు లేఖలను కలిపి చూస్తారు. పరిశోధన ఉంటే మేలు, లేకపోయినా అనేక విశ్వవిద్యాలయాల్లో సీటు లభిస్తుంది. పోటీ తీవ్రంగా ఉన్న అగ్రశ్రేణి సంస్థల్లో, థీసిస్‌తో కూడిన ఎంఎస్‌లో మాత్రం దాని విలువ పెరుగుతుంది. 2020 తరువాత అనేక విభాగాలు జీఆర్‌ఈ స్కోరును తప్పనిసరి జాబితా నుంచి తొలగించాయి. స్కోరు లేని చోట దరఖాస్తులోని మిగిలిన అంశాలపైనే భారం పడుతుంది.

ఇంజినీరింగ్‌ పీహెచ్‌డీలో లెక్క తిరగబడుతుంది. సాధారణంగా విద్యార్థి రుసుము చెల్లించనక్కర లేదు. పరిశోధన సహాయకునిగానో, బోధన సహాయకునిగానో పనిచేసినందుకు రుసుము మినహాయింపుతోపాటు జీవన భృతి కూడా లభిస్తుంది. ఈ సొమ్ము తరచూ ఆచార్యుడు సంపాదించిన పరిశోధన నిధుల నుంచే వస్తుంది. ఐదేళ్లకు పైగా ఖర్చు భరించవలసినవారు, అభ్యర్థి పరిశోధనలో నిలదొక్కుకోగలడా అన్నదే ముందుగా చూస్తారు. బీటెక్‌ పూర్తికాగానే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసే వీలుంది. పొలం తాకట్టు పెట్టి, లక్షల రూపాయల విద్యా రుణంతో బిడ్డను ఎంఎస్‌కు పంపే కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు.

ఇటీవల పరిస్థితులు కఠినతరమయ్యాయి. అమెరికా ప్రభుత్వం 2025లో పరిశోధన నిధుల్లో కోతలు విధించడంతో పలు విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించుకున్నాయి. సీట్లు తగ్గినప్పుడు నిరూపితమైన పనికి గిరాకీ మరింత పెరుగుతుంది.

ఆచార్యులు చూసేదేమిటి?

పరీక్షలో ప్రతి ప్రశ్నకు సమాధానం ముందే ఉంటుంది. పరిశోధనలో అది ఉండదు. సమాధానం ఉందో లేదో తెలియని ప్రశ్నతో నెలల తరబడి కుస్తీ పట్టగల ఓర్పు మార్కుల జాబితాలో కనిపించదు. 9 సీజీపీఏ గల విద్యార్థి మొదటి ప్రయోగం విఫలం కాగానే చేతులెత్తేయవచ్చు. 7.5 సీజీపీఏ గల మరొకరు లోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవచ్చు. ఈ రెండో గుణానికి ఆధారం చూపేది బీటెక్‌లో చేసిన పరిశోధనే. అయితే అది తక్కువ మార్కులను పూర్తిగా కప్పిపుచ్చలేదు. కనీస మార్కుల నిబంధన ఉన్నచోట ఆ గీత దాటవలసిందే.

డిగ్రీ విద్యార్థులను పరిశోధనలో భాగస్వాములను చేసే పద్ధతికి అమెరికాలో దీర్ఘకాలిక చరిత్ర ఉంది. ఎంఐటీ 1969లోనే మార్గరెట్‌ మెక్‌వికార్‌ చొరవతో యూరాప్‌ పేరిట ఇటువంటి కార్యక్రమాన్ని ప్రారంభించింది. అక్కడి జాతీయ సైన్స్‌ సంస్థ నిధులతో దేశవ్యాప్తంగా వేసవి శిక్షణలు కూడా జరుగుతాయి. ప్రవేశాల్లో ఆ విద్యార్థులతోనే మన విద్యార్థులు పోటీ పడవలసి ఉంటుంది.

కొన్న ప్రాజెక్టుతో వచ్చేది మార్కులే

మన కళాశాలల్లో ఎనిమిదో సెమిస్టరు ప్రాజెక్టు పాఠ్యప్రణాళికలో తప్పనిసరి భాగం. విద్యార్థికి స్వయంగా ఒక సమస్యపై పనిచేసే అవకాశం కల్పించడమే దాని ఉద్దేశం. ఆచరణలో అది అమీర్‌పేట వంటి చోట్ల అమ్ముడుపోయే సరకుగా మారింది. ప్రోగ్రామ్‌, నివేదిక, ప్రదర్శన చిత్రాలు అన్నీ ఒకే ధరకు లభిస్తాయి. నలుగురు కలిసి పంచుకుంటే తలా కొంత ఖర్చు అవుతుంది. అట్ట కట్టించి సమర్పిస్తే మార్కులు కూడా పడతాయి.

నష్టం తరువాత బయటపడుతుంది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అభ్యర్థి మౌనం వహించవలసి వస్తుంది. లక్ష్య ప్రకటనలో రాయడానికి సొంత అనుభవం ఉండదు. అధ్యాపకుడు సిఫారసు లేఖలో చెప్పడానికి చూసిన పని ఉండదు.

డబ్బు తీసుకుని రోజుల వ్యవధిలో ప్రచురించే పత్రికల వల్ల కూడా ప్రయోజనం లేదు. నిజమైన పత్రికలో ఆ రంగానికి చెందిన ఇతర పరిశోధకులు పత్రాన్ని పరిశీలించి లోపాలు ఎత్తిచూపుతారు. ఇందుకు నెలలు పడుతుంది. ఏ పరిశీలనా లేకుండా అచ్చయిన పత్రాన్ని ఎంపిక సంఘంలోని ఆచార్యులు పత్రిక పేరు చూసే పసిగడతారు. అది దరఖాస్తుకు బలం చేకూర్చకపోగా మిగిలిన అంశాలపై కూడా అనుమానం కలిగిస్తుంది. ప్రచురణ లేకున్నా, శ్రద్ధగా చేసి నిజాయితీగా రాసిన 20 పేజీల నివేదికకే విలువ ఎక్కువ.

బీటెక్‌ ప్రాజెక్టు నుంచి గోడెల్‌ బహుమతి దాకా..

డిగ్రీ స్థాయి పని ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఐఐటీ కాన్పూర్‌లో జరిగిన ఉదంతం చాలు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా, కాదా అని తేల్చడం గణితంలో పాత సమస్య. ఎంత పెద్ద సంఖ్యకైనా గణన సమయం అదుపు తప్పకుండా, నిరూపణ కాని ఊహలపై ఆధారపడకుండా కచ్చితంగా చెప్పే పద్ధతి 2002 వరకు లేదు. ఆచార్య మణీంద్ర అగ్రవాల్‌ మార్గదర్శకత్వంలో నీరజ్‌ కయాల్‌, నితిన్‌ సక్సేనా అనే ఇద్దరు విద్యార్థులు బీటెక్‌ ప్రాజెక్టుగా దీనిపై పనిచేశారు. పట్టా పొందిన ఏడాదే, 2002 ఆగస్టులో, గురువుతో కలిసి పరిష్కారం ప్రకటించారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఇది ఏకేఎస్‌ పరీక్షగా ప్రసిద్ధి చెందింది. 2006లో వీరికి గోడెల్‌, ఫుల్కర్సన్‌ బహుమతులు లభించాయి.

అందరూ ఇంతటి ఫలితం సాధించాలని ఎవరూ ఆశించరు. ఇక్కడ గ్రహించవలసినది ఒకటుంది. వారు ఎంచుకున్న ప్రశ్నకు ఖరీదైన యంత్రాలు అవసరం కాలేదు. మంచి ప్రశ్న, దారి చూపే గురువు, విడవని పట్టుదల అవసరమయ్యాయి.

ప్రశ్నలు చేరువలోనే ఉన్నాయి

జిల్లా కళాశాలల్లో ప్రయోగశాలలు లేవన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. అందులో నిజం ఉన్నప్పటికీ, ఉన్న పరికరాలతో సమాధానం రాబట్టగల ప్రశ్నలు ఓరుగల్లు పరిసరాల్లోనే ఎన్నో ఉన్నాయి.

భూపాలపల్లి జిల్లా చెల్పూరు థర్మల్‌ కేంద్రం నుంచి బూడిద వెలువడుతుంది. కాంక్రీటులో సిమెంటుకు బదులు 20 శాతం, 30 శాతం బూడిద వాడితే బలం ఎలా మారుతుందో తెలుసుకోవడానికి సివిల్‌ విభాగంలో ఉండే కుదింపు పరీక్ష యంత్రం సరిపోతుంది. బూడిద కలిపిన కాంక్రీటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. కనుక 28 రోజులతో ఆపకుండా 56, 90 రోజుల తరువాత కూడా ఘనాలను పరీక్షిస్తే, అది తరగతి ప్రయోగం స్థాయిని దాటి పరిశోధనగా మారుతుంది.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో తాలు కాయలను చేత్తో వేరుచేస్తారు. ఫోన్‌తో తీసిన చిత్రాల ఆధారంగా వాటిని గుర్తించే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌ సైన్స్‌ విద్యార్థి రూపొందించవచ్చు. గదిలో తీసిన చిత్రాలపై అది బాగా పనిచేసిందని చెప్పడంతో పని పూర్తికాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, సాయంత్రపు నీడలో, వేరే రకం కాయలపై ఎంత తప్పుతోంది, ఎందుకు తప్పుతోంది అని శోధించినప్పుడే అసలు పరిశోధన మొదలవుతుంది.

ఎలక్ట్రికల్‌ విద్యార్థి కళాశాల పైకప్పు మీది సౌర ఫలకాలపై దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి ఎంత తగ్గుతుందో వేసవి అంతా కొలవవచ్చు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప గుడి కింద కాకతీయులు ఇసుకతో నిర్మించిన పునాది, భూకంప సమయంలో ప్రకంపనలను ఎలా గ్రహిస్తుందో చిన్న నమూనాతో పరిశీలించవచ్చు. ప్రశ్న దొరకనివారు ఇప్పటికే ప్రచురితమైన మంచి పత్రాన్ని తీసుకుని అందులోని ఫలితాన్ని తిరిగి రాబట్టే ప్రయత్నం చేయవచ్చు. ఎక్కడ తేడా వస్తుందో అక్కడే కొత్త ప్రశ్న పుడుతుంది.

వేసవిలో పెద్ద సంస్థల తలుపులు

వేసవి సెలవుల్లో ఇతర కళాశాలల విద్యార్థులకు పరిశోధన అవకాశం కల్పించే కార్యక్రమాలున్నాయి. దేశంలోని మూడు సైన్స్‌ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. ఎంపికైనవారు రెండు నెలలు ప్రముఖ శాస్త్రవేత్తల వద్ద పనిచేస్తారు. ఐఐటీ మద్రాసు, కాన్పూర్‌, హైదరాబాద్‌లు కూడా వేసవి శిక్షణలు నిర్వహిస్తున్నాయి. జర్మనీలో డాడ్‌ సంస్థ వైజ్‌ కార్యక్రమం, కెనడాలో మైటాక్స్‌ గ్లోబలింక్‌ విదేశీ ప్రయోగశాలల అనుభవం అందిస్తాయి. వీటి అర్హత నిబంధనలు మారుతుంటాయి కనుక ఆయా సంస్థల అధికారిక ప్రకటనలను ఏటా చూసుకోవాలి. అమెరికా జాతీయ సైన్స్‌ సంస్థ ఆర్‌ఈయూ శిక్షణలు ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకే పరిమితం. తెలియక దరఖాస్తు చేసి సమయం వృథా చేసుకోవద్దు.

ఆచార్యులకు నేరుగా ఈ-మెయిల్‌ రాసి అవకాశం కోరడం మరో మార్గం. ఒకే లేఖను వంద మందికి పంపితే జవాబు రాదు. ఆ ఆచార్యుని పత్రం ఒకటి చదివి, అందులో తనకు కలిగిన సందేహాన్ని, తాను చేసిన పనిని పది వాక్యాల్లో వివరించిన లేఖకు స్పందన వచ్చే అవకాశం ఎక్కువ.

సిఫారసు లేఖే సాక్ష్యం

విదేశీ దరఖాస్తుకు సాధారణంగా మూడు సిఫారసు లేఖలు అవసరం. విద్యార్థే రాసుకురాగా అధ్యాపకుడు సంతకం చేసే అలవాటు పలు కళాశాలల్లో పాతుకుపోయింది. ‘క్రమశిక్షణ గల విద్యార్థి, తరగతిలో ముందుంటాడు’ అనే లేఖలు అందరికీ ఒకే మాదిరిగా ఉంటాయి. ఘనాలు మూడుసార్లు పగిలినా నీటి పాళ్లలో లోపాన్ని ఎలా కనుగొన్నాడో చెప్పే లేఖ ఒక్కటే ఎంపిక సంఘం దృష్టిలో నిలుస్తుంది. హోదాను చూసి ప్రిన్సిపాల్‌తో రాయించుకోవడం కంటే, పక్కనుండి పని చూసిన యువ అధ్యాపకుని లేఖే శ్రేష్ఠం.

ఏ ఏడాది ఏం చేయాలి?

మొదటి సంవత్సరం: గణితం, ప్రోగ్రామింగ్‌లో పునాది పటిష్ఠం చేసుకోవాలి. బ్యాక్‌లాగ్‌లు మిగలకుండా జాగ్రత్త వహించాలి.

రెండో సంవత్సరం: నచ్చిన రంగంలో ఎన్‌పీటెల్‌ పాఠాలు వినాలి. పరిశోధన పట్ల ఆసక్తి గల అధ్యాపకుని ఆశ్రయించి చిన్న పనితో ప్రారంభించాలి.

మూడో సంవత్సరం: వేసవి ఫెలోషిప్‌లకు ముందుగానే దరఖాస్తు చేయాలి. ప్రతి ప్రయోగాన్ని, ప్రతి వైఫల్యాన్ని తేదీతో సహా పుస్తకంలో నమోదు చేసుకోవాలి. ఎంటెక్‌ ఆలోచన ఉంటే గేట్‌ సన్నద్ధత మొదలుపెట్టాలి.

నాలుగో సంవత్సరం: అమెరికా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు చాలా చోట్ల డిసెంబరులో ముగుస్తుంది. ఎనిమిదో సెమిస్టరు ప్రాజెక్టు అప్పటికి మొదలే కాదు. కావున దరఖాస్తులో చూపవలసిన పని ఏడో సెమిస్టరు నాటికే సిద్ధంగా ఉండాలి. గేట్‌ ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. ఆర్థిక సాయంతో కూడిన అమెరికా సీట్లపై నిర్ణయం తెలపడానికి అనేక విశ్వవిద్యాలయాలు ఏప్రిల్‌ 15ను గడువుగా పాటిస్తాయి.

సమయం మించినవారి మాటేమిటి?

చివరి సంవత్సరానికి చేరుకున్నా పరిశోధన అనుభవం లేనివారికి దారులు మూసుకుపోలేదు. గేట్‌ ద్వారా ఎంటెక్‌లో చేరి అక్కడి థీసిస్‌ను శ్రద్ధగా పూర్తిచేస్తే పీహెచ్‌డీకి అదే బలమైన ఆధారం అవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ ప్రయోగశాలలు, ఐఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు పరిశోధన ప్రాజెక్టుల్లో తాత్కాలిక సహాయకులను నియమించుకుంటాయి. జీతం తీసుకుంటూనే ఏడాది, రెండేళ్లు అక్కడ పనిచేస్తే అనుభవంతోపాటు సిఫారసు లేఖ కూడా లభిస్తుంది.

అసలు పరిశోధనపై ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి కూడా బీటెక్‌ ప్రాజెక్టుకు మించిన అవకాశం లేదు. ఆరు నెలల పని తరువాత ఇది తనకు సరిపడదని గ్రహించిన విద్యార్థి, ఐదేళ్ల పీహెచ్‌డీని మధ్యలో వదిలివేసే దుస్థితి నుంచి ముందే తప్పించుకుంటాడు. కళాశాల యాజమాన్యాలు ప్రాజెక్టు మూల్యాంకనంలో నివేదిక మందాన్ని కాక, విద్యార్థి స్వయంగా చేసిన పనిని ప్రశ్నించి మార్కులు వేసే పద్ధతిని అమలు చేయవలసిన అవసరం ఉంది. అప్పుడే ప్రాజెక్టుల కొనుగోలుకు అడ్డుకట్ట పడుతుంది.